మునియాల గుంపూ, నేనూ

నేనొక బైనాక్యులర్‌ని. నా ఒంటిమీద 8×42 అని ఉంటుంది. దేన్నైనా ఎనిమిది రెట్లు దగ్గర చేస్తాను. నా ముందరి అద్దాల వెడల్పు 42 మిల్లీమీటర్లు. కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో ఓ తెలుగు పిల్లాడి మెడలో ఉంటాను. అమలాపురం నుంచి వాడి నానమ్మ వచ్చాక నాకు పని పెరిగింది. ఆవిడకి కళ్ళజోడు ఉంది కాబట్టి, కళ్ళకి ఆనే నా ఐకప్‌లు లోపలికి తిప్పాలి. వాడి కోసం బయటికి తిప్పి, నా రెండు గొట్టాలనూ దగ్గరికి వంచాలి.

ఓ పొద్దున సెంట్రల్ పార్కులో, గింజ పట్టిన గడ్డి మీద చిన్న గుంపు వాలింది.

“హౌస్ ఫించ్‌లు నానమ్మా!”

“ఏదీ, ఇలా ఇవ్వు నాన్నా.”

ఫోకస్ చక్రం మెల్లగా తిరిగింది. ముందు గడ్డికాడ తేటపడింది. తర్వాత దాన్ని పట్టుకుని పైకి జరుగుతున్న పిట్ట. కాఫీ రంగు ముఖం, ముదురు బూడిదరంగు మొద్దు ముక్కు. హౌస్ ఫించ్‌కైతే రొమ్మున నిలువు చారలుంటాయి. దీనికి తెల్లటి రొమ్ము నిండా గోధుమరంగు అంచులు, వరసమీద వరసగా, చేప పొలుసుల్లా.

“మన వరిచేలల్లో వాలే జీనువాయిలురా ఇవి!” నానమ్మ గొంతు వణికింది.

అవును, పొలుసుల మునియాలే. వీటి సొంత నేల భారతదేశం నుంచి ఆగ్నేయాసియా దాకా. పంజరాల వ్యాపారం వీటిని ఇక్కడికి చేర్చింది. బయటపడ్డవి గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, ఇక్కడి పిట్టలైపోయాయి. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ 2013లో వీటిని తన పక్షుల జాబితాలో చేర్చుకుంది.

గుంపులో కొన్నిటికి పొలుసులే లేవు, ఒళ్ళంతా మట్టిరంగు. వేరే జాతి అనుకుని వదిలేయడం తేలిక. నానమ్మ వదల్లేదు. అదే మొద్దు ముక్కు. పెద్దవి లేస్తే లేస్తున్నాయి, వాలిన చోటే వాలుతున్నాయి. “ఇవి పిల్లలు” అంది. రంగులున్నదాన్ని ఉత్త కంటితోనూ చూస్తారు. ఇలాంటి సాదా పిట్టను నిలిపి చూపించినప్పుడే నా పుట్టుకకి అర్థం ఉందనిపిస్తుంది నాకు.

ఇంతలో ఎర్ర ముక్కుతో, ఒంటికంటే పొడవైన నల్ల తోకతో ఒకటి దూసుకొచ్చింది. మగ పిన్ టెయిల్డ్ వైడా, ఆఫ్రికా పిట్ట. వాటికి సొంత గూడు ఉండదు. ఇక్కడ ఆడ వైడా మునియాల గూళ్ళలో గుడ్లు పెడుతుంది. ఆఫ్రికా పిల్లని మన జీనువాయి అమెరికాలో మేపుతుందన్నమాట!

మనవడు పుస్తకం తీసి మునియాల లెక్క రాయబోయాడు.

“పిల్లల్ని విడిగా రాయి నాన్నా.”

వాడు నన్ను మళ్ళీ కళ్ళకి ఆనించుకుని మొదటినుంచి లెక్కపెట్టాడు.