ఒప్పుకోలు

ఆయన దస్తావేజు లేఖరి. గుంటూరు జిల్లాలో ఒక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట, వేపచెట్టు కింద చిన్న బల్ల వేసుకుని నలభై ఏళ్లు రాశాడు. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాక కూడా టైపు కుర్రాళ్లదే గానీ మాట ఆయనదే.

ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. అల్జైమర్స్ అని డాక్టరు తేల్చి మూడేళ్లయింది. మెదడులో కొత్త సంగతులు దాచుకునే హిప్పోకాంపస్ ముందుగా దెబ్బతింటుందనీ, అందుకే పొద్దుటి మాట మధ్యాహ్నానికి ఉండదనీ, ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని మాత్రం చాలాకాలం నిలుస్తుందనీ డాక్టరు చెప్పాడు. అన్నట్టే జరుగుతోంది. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి, అన్నం పెట్టమంటాడు. పొద్దు వాలేసరికి తన ఇంట్లో, తన మంచం మీద కూర్చుని, ఇంటికి తీసుకెళ్లమని గొడవ చేస్తాడు. అలాంటప్పుడు వాదించకూడదు, మాట మార్చాలి. అది తెలియడానికి కోడళ్లకు ఏడాది పట్టింది. పెద్దకొడుకుని ‘మేస్త్రీ’ అంటాడు. చిన్నకొడుకుని ఏమీ అనడు.

ఆ ఇంటిని కొడుకులిద్దరూ తమ పేర రాయించుకోదలిచారు. దాన సెటిల్‌మెంటు. కుర్ర లేఖరి ఒకడు చిత్తు రాసి తెచ్చాడు. పెద్దవాడు చదివి, ఒక వాక్యం కొట్టేశాడు. కుర్రాడు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

రాసిచ్చే మనిషికి మతిస్థిమితం లేదని తోస్తే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం సబ్‌రిజిస్ట్రార్ ఆ దస్తావేజుని తిప్పి పంపాలి. ఆ సంగతి కొడుకులకి తెలుసు. చిన్నప్పుడు తండ్రి నోటే విన్నారు. అందుకని పది రోజులు ఆయన చేత వల్లె వేయించారు. నీ పేరేంటి? ఇది ఏ సంవత్సరం? మేమెవరం? ఉదయం పూట తెలివి కాస్త తేటగా ఉంటుందని పదకొండింటికి స్లాటు తీసుకున్నారు.

ఆఫీసులో అటెండరు చూస్తూనే లేచి నిలబడ్డాడు. “గురువుగారూ, బాగున్నారా?”

ఆయన నవ్వాడు. ఎవరో తెలియలేదు.

సబ్‌రిజిస్ట్రారు చిన్న వయసు అమ్మాయి. పేరు అడిగింది. చెప్పాడు. సంవత్సరం అడిగింది. చెప్పాడు.

“వీళ్లెవరు తాతగారూ?”

“నా కొడుకులు,” అన్నాడు పాఠం అప్పజెప్పినట్టు.

చిన్నవాడు ఊపిరి పీల్చుకున్నాడు. సంతకానికి దస్తావేజు ముందు పెట్టారు.

ఆయన సంతకం పెట్టలేదు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. చూపుడువేలు మొదటి అక్షరం కింద ఆనించాడు. వేలు కదిలింది. స్థిరచిత్తముతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా అన్నచోట ఆగకుండా సాగింది. తూర్పు హద్దు, పడమర హద్దు దాటి ఉత్తరం దగ్గర నిలిచింది. అక్కడ కొలత తప్పు పడింది. పెన్ను తీసుకుని అంచున చిన్న గీత పెట్టాడు. ఇంట్లో చొక్కా గుండీలు కూడా ఎవరో ఒకరు పెట్టాల్సిందే. ఆ చేతిలో ఇప్పుడు వణుకు లేదు.

“తాతగారూ, సంతకం...”

“ఉండమ్మా.”

చివరి పేజీ అయ్యాక మళ్లీ రెండో పేజీకి వచ్చాడు. వేలితో వెతికాడు. మూడో పేజీలో వెతికాడు. కళ్లజోడు తీసి కొడుకుల వైపు తిరిగాడు.

“రాయించుకునేవాళ్లు మీరేనా బాబూ? బతికినన్నాళ్లూ పోషించాలన్న షరతు ఇందులో లేదే! నా బల్ల దగ్గర అది లేకుండా ఏ తండ్రి చేతా సంతకం పెట్టించలేదు. అది ఉంటే, రేపు మీరు చూడకపోయినా 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్లి దీన్ని రద్దు చేయించుకుంటాడు. లేకపోతే ఆయన గతేమిటి?”

“నాన్నా...” అన్నాడు పెద్దవాడు.

ఆయన దస్తావేజు మడిచి, ఒళ్లో పెట్టుకుని, గుమ్మం వైపు చూశాడు.

“ఆ పెద్దాయన్ని లోపలికి పిలవండి, నేను చెబుతాను. పాపం, ఆయన తరఫున ఎవరూ రాలేదా?”