ఎఫ్-జె సూత్రం: ‘కర్ణకఠోర’ వ్యాఖ్యా సహితం

అవతారిక

కావ్యాలకే టీక రాయాలన్న నియమం ఏ అలంకారశాస్త్రంలోనూ లేదు. వ్యాఖ్యాతల్లో పెద్దదిక్కయిన మల్లినాథసూరి మాకు పరాయివాడు కాడు. ఆయన ఇంటిపేరులోని కోలాచలం మెదక్ వైపున్న నేటి కొల్చారమే. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన ఆ మహానుభావుడు ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అలాంటి మాట ఎవరికీ ఇవ్వలేదు.

ప్రకృతానికి వస్తే, మనస్తత్వశాస్త్ర ప్రయోగాలు ఇప్పుడు బ్రౌజర్‌లోకి దిగాయి. లింకు వస్తుంది, తెరిస్తే శబ్దం వినిపిస్తుంది, మనం కీ నొక్కుతాం (ఈ ఒక్కో విడతా ఒక ట్రయల్), మన బుర్ర ఎంత చురుకో వాళ్లు లెక్కగడతారు. ఇలాంటి లింకుల గుమ్మంలో ఒక శాసనం వేలాడుతూ ఉంటుంది. కాస్త అటూ ఇటూగా దాని పాఠం ఇది.

మూలం

ప్రశాంతమైన గదిలో ఆసీనులై, హెడ్‌ఫోన్స్ ధరించి, శబ్దం వినిపించిన తక్షణమే, సాధ్యమైనంత వేగంగా, అత్యంత కచ్చితంగా, పదమైతే ఎఫ్ కీని, పదం కానిదైతే జె కీని నొక్కగలరు. ప్రతిస్పందన కాలము మిల్లీసెకన్లలో నమోదగును.

ప్రతిపదార్థం

ఆసీనులై, ధరించి, నొక్కగలరు: ఇవి అందరికీ తెలిసినవే కనక విడిచిపెడుతున్నాను. వేగంగా, కచ్చితంగా అన్న రెండూ ఒకే వేలితో ఒకేసారి ఎలా సాధ్యమో స్పష్టం. (చిక్కు తగిలినచోట ‘స్పష్టం’ అని రాసి దాటిపోవడం వ్యాఖ్యాతల కులధర్మం.)

ప్రశాంతమైన గదిలో: రెజిమెంటల్ బజారు వ్యాఖ్యాతకు ఇక్కడే మొదటి ఆటంకం. పేరులోనే పటాలం ఉన్న పేట మాది. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ కంటోన్మెంటు వెలిసింది. 1874లో పక్కనే రైల్వే స్టేషన్ వచ్చింది. అప్పటినుంచీ ఇక్కడ జరుగుతున్నవన్నీ ఆడియో ట్రయల్సే. బండి ఒకటో నంబరుకు బదులు ఆరో నంబరు మీదికి వస్తోందని మైకు చెప్పగానే, సూట్‌కేసు నెత్తిన పెట్టుకొని మెట్లెక్కే మనిషి చురుకును కొలిచే కీబోర్డు ఇంకా పుట్టలేదు. ఆషాఢంలో లష్కర్ బోనాలప్పుడు డప్పుకీ మైకుకీ పోటీ. మిగతా నెలల్లో ఆటోలు, గుడి, మసీదు, ప్రెషర్ కుక్కర్. ప్రశాంతమైన గది అంటే మా గల్లీలో కర్ఫ్యూ అనే అర్థం.

అలాంటి గది అసలు లేకపోలేదు. ఇక్కడికి దగ్గర్లోనే, మనోవికాస్ నగర్‌లో, అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి పరీక్ష సరిగ్గా చేసేచోట బయటి చప్పుడు చొరబడని గది ఉంటుంది. గది వాళ్లదే, హెడ్‌ఫోన్ వాళ్లదే, యంత్రాన్ని సరిచూసే బాధ్యతా వాళ్లదే. వచ్చినవాడు చెవులు తెచ్చుకుంటే చాలు. ఆన్‌లైన్ ప్రయోగంలో గది మనది, హెడ్‌ఫోన్ మనది, కరెంటు మనది, డేటా ప్యాకు మనది. మిల్లీసెకను మాత్రం వాళ్లది.

తక్షణమే: ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి. శబ్దాన్ని కాలంతో కొలవడం మనకు నిన్నమొన్నటి విద్య కాదు. హ్రస్వం, దీర్ఘం, ప్లుతం చెప్పడానికి పాణిని అకారాన్ని వదిలి ఉకారాన్ని పట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, కోడి కూతలో ఆ మూడూ వరసగా వినిపిస్తాయి కనక అని వ్యాఖ్యాతలు తేల్చారు. పాణినీయ శిక్ష అనే ఉచ్చారణ గ్రంథం మరో నాలుగడుగులు ముందుకేసింది. పాలపిట్ట ఒక మాత్ర కూస్తుందట, కాకి రెండు మాత్రలు, నెమలి మూడు, ముంగిస అర మాత్ర. ఎంత సొగసైన కొలమానం! విద్యార్థి గడియారం కొనక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. పైగా పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. కాబట్టి ఒక మాత్ర అనేది ఈ రాష్ట్రంలో ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రమాణమని వాదించవచ్చు. కాకి మాట చెప్పనక్కర్లేదు, మా మేడ మీద ఎప్పుడూ రెండు మాత్రలు సిద్ధంగా ఉంటాయి. నెమలి కావాలంటే కాస్త ఊరు దాటాలి. చిక్కల్లా ముంగిసతోనే. దాన్ని పట్టి, అరిపించి, అర మాత్ర సరిపోయిందో లేదో చూసిన మొట్టమొదటి రీసెర్చ్ అసిస్టెంటు ఎవరో, అతని వేలికి కట్టు ఎవరు కట్టారో శిక్షాకారుడు రాయలేదు. పరిశోధన పత్రాల్లో అసిస్టెంట్ల పేర్లు జారిపోవడం అప్పటినుంచీ ఉన్న ఆచారమే కాబోలు. ఆ అర మాత్ర విలువా సామాన్యం కాదు. సూత్రంలో అంతమేర పొదుపు చేయగలిగితే వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడతారని నానుడి. ప్రోగ్రాములో ఒక లైను తగ్గితే పక్క సీటువాణ్ని లేపి మరీ చూపించే కుర్రాళ్లు వాళ్ల వారసులే.

పడమటి వాళ్లలో, విన్నదానికి బదులివ్వడానికి మనసుకు పట్టే కాలాన్ని తొలిరోజుల్లో పట్టినవాళ్లలో ఒకడు డాండర్స్ అనే డచ్చి వైద్యుడు. 1868లో అచ్చయిన ప్రయోగాల కోసం ఉట్రెక్ట్‌లో ఆయన వాడిన సరంజామా ఏమిటంటే, మన క గుణింతం. ఒకాయన కా అనో కీ అనో కూ అనో పలకాలి, రెండో ఆయన విన్నదాన్ని తిరిగి పలకాలి. ఇంకో పద్ధతిలో కీ వినిపిస్తేనే బదులివ్వాలి, తక్కినవాటికి నోరు మూసుకోవాలి. ఈ రెండు పద్ధతుల మధ్య తేడాలోంచి మనసు ఎంపికకు తీసుకునే వ్యవధిని లాగాడు. గమనించవలసింది ఒకటుంది. పలికినవాడి గొంతూ, బదులిచ్చినవాడి గొంతూ ఒకే యంత్రం మీద గీతలుగా పడేవి. గాలిలో పుట్టిన శబ్దమే లెక్కకు మొదలు.

మిల్లీసెకన్లలో నమోదగును: అసలు కోపం ఇక్కడుంది. జెఎస్‌సైక్ అనే ఉచిత లైబ్రరీలో ఆడియో-కీబోర్డ్-రెస్పాన్స్ అనే ప్లగిన్ ఉంది. మంచిది, శుభ్రంగా రాసింది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. శబ్దం మొదలైన క్షణం నుంచి కీ పడేదాకా కాలాన్ని లెక్కిస్తుంది. కానీ అది ఎరిగిన మొదలు బ్రౌజర్ శబ్దాన్ని పంపించిన క్షణం, మన చెవిని తాకిన క్షణం కాదు. చెవిలో ఉన్నది బ్లూటూత్ ఇయర్‌బడ్ అయితే దారిలో వంద నుంచి మూడు వందల మిల్లీసెకన్లు పోవడం మామూలే. మామూలు కీబోర్డు ఎనిమిది మిల్లీసెకన్లకోసారి గాని తనలో ఏ కీ నొక్కారో కంప్యూటరుకు చెప్పదు. ఇక ఆరోగ్యవంతుడు ఒక చప్పుడు విని వేలు కదపడానికి పట్టేది సుమారు నూట యాభై. అంటే ఆ వేలి కదలికకన్నా కొలత సామానే ఒక్కోసారి బరువెక్కువ. పరిశోధన పత్రం తెరిచి చూస్తే పట్టికలో దశాంశ బిందువు తరవాత రెండంకెలు!

హెడ్‌ఫోన్ పెట్టుకున్నారా, స్పీకరులో వింటున్నారా అని పసిగట్టే చిన్న పరీక్ష 2017 నుంచి వాడుకలో ఉంది. రెండు చెవులకూ ఎదురెదురు ఫేజ్‌లో శబ్దం పంపిస్తే స్పీకర్లలో ఒకదాన్నొకటి తినేస్తాయి, హెడ్‌ఫోన్లో తినవు. తెలివైన ఉపాయం. అయితే అది మన నిజాయితీని తనిఖీ చేస్తుందేగాని బ్లూటూత్ ఆలస్యాన్ని తనిఖీ చేయదు.

మొదలుపెట్టు అన్న బటన్: మూలంలో లేకపోయినా మంగళాచరణం కనక వ్యాఖ్యానించాలి. ఇది మర్యాద కోసం పెట్టింది కాదు. 2018 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 71 నుంచి, మనం పేజీని ఒకసారైనా తాకనిదే వెబ్ ఆడియో నోరు విప్పదు. ఈ బటన్ మరిచిన ప్రయోగంలో మొదటి శబ్దం మౌనంగా గడిచిపోవచ్చు, అభ్యర్థి మందబుద్ధిగా లెక్కకెక్కవచ్చు.

ఎఫ్ కీని, జె కీని: అన్నిటికన్నా తేలిక అనిపించే ఈ మాటలోనే గుంట ఉంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకొని రోజంతా టైపు చేసే మనిషి ఎఫ్ ఉన్నచోట నొక్కితే గుడి పడుతుంది, జె ఉన్నచోట నొక్కితే ర పడుతుంది. 2021లో వచ్చిన 6.3 వెర్షన్ నుంచి ఆ లైబ్రరీ కీ అంకెను కాక కీ పలికిన అక్షరాన్ని చూస్తుంది. అది ఎదురుచూసేది ఎఫ్ కోసం. ట్రయల్ వ్యవధికి ఏమీ రాయకపోతే గడువు లేదని అర్థం. కాబట్టి మనిషి నొక్కుతూనే ఉంటాడు, ప్రోగ్రాము ఎదురుచూస్తూనే ఉంటుంది. జె తరవాత ఎఫ్ నొక్కితే చక్కగా ‘రి’ అవుతుంది, ప్రయోగం మాత్రం కదలదు. విసిగి కిటికీ మూసేస్తాడు. తెలుగు పదాల మీద ప్రయోగంలోంచి తెలుగులో టైపు చేసేవాడే బయటికి పోయాడు!

పూర్వపక్షం

బ్లూటూత్ ఆలస్యం ప్రతి ట్రయల్‌లోనూ ఒకటే కదా, ఒకే మనిషి తెలిసిన పదానికి ఎంత తీసుకున్నాడు, తెలియనిదానికి ఎంత తీసుకున్నాడు అని తీసివేస్తే అదీ పోతుంది కదా అని పరిశోధకుడు అడగవచ్చు.

సిద్ధాంతం

నిజమే, చాలావరకు పోతుంది. డాండర్స్ తీసివేతకు ఉన్న మహిమే అది. ఒకే మనిషిని అతనితోనే పోల్చినంతసేపూ ఈ వ్యాఖ్యాత చేతులు కట్టుకొని కూర్చుంటాడు. అయితే అక్కడితో ఆగుతున్నారా? ఈ వయసువాళ్లకన్నా ఆ వయసువాళ్లు నెమ్మది, ఈ ఊరివాళ్లకన్నా ఆ ఊరివాళ్లు నెమ్మది అని రాయాలనిపించినప్పుడు, వాళ్ల వైర్లెస్ కూడా వాళ్ల మెదడు ఖాతాలో పడుతోంది. చౌక ఇయర్‌బడ్ కొన్న పిల్లవాడు మందకొడి అవుతున్నాడు. ఇక ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ మాత్రం అపకీర్తి కూడా దక్కదు. కీబోర్డు లేదు కనక గుమ్మంలోనే ‘మీ పరికరం అర్హమైనది కాదు’ అని పంపేస్తారు. మా గల్లీలో అర్హత లేని పరికరాలే ఎక్కువ. చివరికి పత్రంలో మాత్రం ‘తెలుగు మాట్లాడేవారు’ అని అచ్చవుతుంది. ఎవరా తెలుగువారు? లాప్‌టాప్, వైరున్న హెడ్‌ఫోన్, ఇంగ్లీషు కీబోర్డు, తలుపు బిగించుకోగల విడి గది ఉన్నవారు.

తాత్పర్యం

పట్టికలో ఉన్న అంకె మనిషిది, యంత్రానిది, వీధిది కలిపి. దాని మీద మనిషి పేరొక్కటే రాయడం న్యాయం కాదు. అందుచేత ఓ ప్రయోగకర్తా, వైరు హెడ్‌ఫోనా బ్లూటూతా అని ఒక్క ప్రశ్న అడుగు. కీబోర్డు ఇంగ్లీషులో ఉందో లేదో మొదటి కీతోనే పరీక్షించు. ఫోనువాళ్లకు తెర మీద రెండు బటన్లు పెట్టు, వాళ్ల లెక్క విడిగా వేసుకో. ప్రతి ట్రయల్‌కూ ఒక గడువు రాయి. దశాంశాలు చెరిపెయ్. గది నీవల్ల కాకపోతే ‘ప్రశాంతమైన’ అన్న విశేషణం కొట్టేసి, నీ ఇంట్లో ఇప్పుడు ఏమేం వినిపిస్తోంది అని అడిగి, వచ్చిన జవాబును డేటాలో ఒక వరసగా చేర్చు.