మీ వయసెంత అని అడిగిన పాపానికి

ప్రోగ్రాములు రాయడం నేర్పే పుస్తకాల్లో తొలి పాఠాల్లోనే తరచూ ఎదురయ్యేది ఒకటుంది: రెండు అంకెలు అడుగు, కూడు, చూపించు. పేరుకు అది కూడిక పాఠం. నిజానికి కూడిక కంప్యూటరుకు పుట్టుకతో వచ్చిన విద్య. దానికి మనం నేర్పాల్సింది అడిగినదానికి జవాబు వినడం. పుస్తకం ఆ ముక్క చెప్పదు కాబట్టి, పైథాన్‌లో తొలి ప్రోగ్రాం రాసిన కుర్రాడు 10, 20 ఇచ్చి తెర మీద 1020 చూసి నోరెళ్లబెడతాడు. పది రూపాయల ఉప్పుకీ ఇరవై రూపాయల పప్పుకీ వెయ్యిన్నీ ఇరవై బిల్లు వేసిన కొట్టుకి ఎవరైనా మళ్లీ వెళ్తారా? పాపం, పైథాన్ తప్పేమీ లేదు. దాని ఇన్‌పుట్ ఫంక్షన్ మనం ఏం కొట్టినా అక్షరాల మూటగానే తెచ్చి ఇస్తుంది. రెండు మూటల్ని కూడమంటే పక్కపక్కన పెట్టి ముడివేస్తుంది. ఇవి అంకెలు నాయనా అని ఇంట్ ముద్ర కొట్టించాల్సిన బాధ్యత మనది. కాబట్టి నా వాదన ఒక్కటే: ఆ తొలి పాఠంలో కష్టమైన భాగం కూడిక కాదు, వినికిడి, మనం మాత్రం సులువైనది నేర్పి, కష్టమైనదాన్ని విద్యార్థి తలరాతకు వదిలేస్తున్నాం.

వినడం అంత కష్టమా అంటారేమో. సీ భాషలో ఒక చిన్న ఆట చూద్దాం. ప్రోగ్రాం 1 నుంచి 10 వరకు ఒక అంకె అడుగుతుంది, ఆ తర్వాత ‘మళ్లీ ఆడతారా, వై లేదా ఎన్?’ అంటుంది. మనం 5 కొట్టి ఎంటర్ నొక్కుతాం. రెండో ప్రశ్న తెర మీదికి రావడం, ప్రోగ్రాం దండం పెట్టి వెళ్లిపోవడం ఒక్కసారే జరుగుతాయి. మనం వై అననూ లేదు, ఎన్ అననూ లేదు. సంగతేమిటంటే, ఎంటర్ కూడా ఒక అక్షరమే. కీబోర్డు మీద కొట్టినవన్నీ బఫర్ అనే వసారాలో వరసగా కూర్చుంటాయి. అంకె కోసం వచ్చిన స్కాన్‌ఎఫ్ అనే ఫంక్షన్ 5ని లోపలికి తీసుకుపోయి, వెంట వచ్చిన ఎంటర్‌ని అక్కడే వదిలేస్తుంది. ఒక అక్షరం కోసం వచ్చిన రెండో స్కాన్‌ఎఫ్‌కి ఎదురుగా కనిపించేది అదే. పెళ్లికొడుకు కోసం వచ్చినవాళ్లు తోడుపెళ్లికొడుకుని పల్లకీ ఎక్కించుకుపోయినట్టు, అది ఎంటర్‌నే జవాబుగా పట్టుకుపోతుంది. ఆ రెండో స్కాన్‌ఎఫ్‌కి ఏం చదవాలో చెప్పే పర్సెంట్ గుర్తుకు ముందు ఒక్క ఖాళీ వదిలితే ఈ జబ్బు కుదురుతుంది. కానీ నీలి తెర టర్బో సీ ల్యాబుల్లో దీనికి నడిచిన మందు ఎఫ్‌ఫ్లష్ అనే నాటువైద్యం. ఆ ఫంక్షన్ బయటికి పంపే సరుకు కోసం పుట్టింది. లోపలికొచ్చే సరుకు మీద ప్రయోగిస్తే ఏమవుతుందో సీ ప్రమాణం హామీ ఇవ్వదు. అయినా సీనియర్ రికార్డులో ఉంది కదా అని జూనియర్ రికార్డులోకి ఎక్కింది. పోనీ, ఇది ఒక్క సీ భాష మొండితనమా అంటే, 2004లో జావా 5తో వచ్చిన స్కానర్ కూడా అంకె చదివి, వెంటనే వరుస చదవమంటే ఇదే వేషం వేస్తుంది.

ఇక పేర్ల సంగతి. స్కాన్‌ఎఫ్‌ని పేరు చదవమంటే మొదటి ఖాళీ దగ్గర ఆగిపోతుంది. తెలుగువాడు తన పేరు ‘కె వెంకటేశ్వర్లు’ అని కొడితే దానికి వినబడేది ‘కె’ వరకే. వెంకటేశ్వర్లు గారు వసారాలో నిలబడి ఉంటారు. ఆ తర్వాత ప్రోగ్రాం వయసు అడిగి, జవాబు కోసం ఆగకుండా, వసారాలో ఉన్న ఆయన్నే అంకెగా మార్చబోయి, చేతకాక, ఆ స్థలంలో అంతకుముందు ఉన్న చెత్తనే వయసుగా ప్రకటిస్తుంది. కె గారికి ముప్పై వేల ఏళ్లు నిండినా ఆశ్చర్యం లేదు. మరి పేరు మొత్తం వినాలంటే? పాత పుస్తకాలు గెట్స్ అనే ఫంక్షన్ వాడమన్నాయి. గెట్స్ నిజంగా మొత్తం వింటుంది. ఎంతసేపు చెబితే అంతసేపు వింటుంది, తన దగ్గర చోటెంతుందో అడగదు. ఇరవై అక్షరాల గదిలోకి ఊరేగింపును ఊరేగింపుగా పంపిస్తుంది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే కార్నెల్ విద్యార్థి ఇంటర్నెట్‌లోకి వదిలిన పురుగు దూరిన దారుల్లో ఇదొకటి. ఫింగర్ అనే సేవ 512 బైట్ల చోటు పెట్టుకుని గెట్స్‌తో వింటుంటే, అంతకు మించి పోసి ఆ యంత్రాలను లొంగదీసుకుంది. అంత జరిగినా సీ ప్రమాణం నుంచి గెట్స్‌ని పూర్తిగా తీసేసింది 2011లో. అంటే ఇరవై మూడేళ్లు. మన ఫైళ్లు మెల్లగా కదులుతాయని ఇకమీదట ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

‘ఇదంతా వాడేవాడి తప్పు. అంకె అడిగితే అంకె కొట్టాలి’ అని కొందరు కోప్పడతారు. ఈ కోపానికి పెద్దల అండ కూడా ఉంది. తప్పు అంకెలిస్తే మీ లెక్కల యంత్రం సరైన జవాబు ఇస్తుందా అని బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు తనను రెండుసార్లు అడిగారని చార్లెస్ బాబేజ్ 1864లో వచ్చిన ఆత్మకథలో రాసుకుని, అలాంటి ప్రశ్న ఏ గందరగోళంలోంచి పుడుతుందో తనకు అంతుబట్టలేదన్నాడు. బాబేజ్ మాట నిజమే. కానీ తప్పు అంకె అంటే ఏమిటో తేల్చేదెవరు? లక్ష రూపాయల్ని మనం 1,00,000 అని రాస్తాం. చిన్నప్పుడు బడిలో నేర్పింది అదే. స్కాన్‌ఎఫ్ మొదటి కామా దగ్గర ఆగిపోయి లక్షను ఒక్క రూపాయి చేస్తుంది. పైథాన్ అయితే ఇది అంకే కాదని తిప్పికొడుతుంది. విచిత్రమేమిటంటే, అదే పైథాన్ కామాల బదులు అండర్‌స్కోర్లు పెడితే కిక్కురుమనకుండా లక్ష అని ఒప్పుకుంటుంది. ౨౫ అని తెలుగు అంకెల్లో కొట్టినా ఇరవై అయిదని గ్రహిస్తుంది. మనమే మరిచిపోయిన అంకెల్ని గుర్తుపట్టే యంత్రానికి మనం రోజూ పెట్టే కామా తెలియదు! ఇక్కడ వాడేవాడు చేసిన తప్పేమీ లేదు. వినేవాడు ఎవరు మాట్లాడతారో ఊహించుకోలేదు, అంతే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఈ వ్యవహారంలో చెప్పేవాడే లోకువ.

రెండో అభ్యంతరం మాస్టార్లది, దాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. ‘నిన్నగాక మొన్న చేరిన పిల్లలకు ఈ చాదస్తమంతా చెబితే బెదిరిపోతారు. ముందు కూడిక రానివ్వండి’ అంటారు. దయగల మాటే. కానీ అన్నం వండటం ఈ సెమిస్టరులో, బియ్యంలో రాళ్లు ఏరడం వచ్చే ఏడాది అంటే ఈలోగా పళ్లు ఏమైపోవాలి? పైగా నేర్పమంటున్నది కొండంత కాదు. తాను ఎన్ని విలువలు సరిగ్గా చదివిందో స్కాన్‌ఎఫ్ ప్రతిసారీ వెనక్కి తిరిగి చెబుతూనే ఉంటుంది. పట్టించుకునే నాథుడే లేడు. దాన్ని ఒక్క ఇఫ్‌తో చూసుకుని, తేడా వస్తే వసారా ఖాళీ చేస్తే చాలు. చూసుకోకపోతే ఏమవుతుందో ల్యాబులో తెలియదు, ఎందుకంటే సంతకం కోసం అక్కడ ఇచ్చే అంకెలు 10, 20. ఒక్కసారి 10 బదులు ‘పది’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడండి. సరైన అంకె వచ్చేదాకా అడిగే ప్రోగ్రామైతే, స్కాన్‌ఎఫ్ ఆ మాటను ముట్టుకోదు, వసారాలోంచి పంపించదు. పట్టువదలని విక్రమార్కుడిలా మళ్లీ దాని దగ్గరికే వెళ్తుంది. ‘అంకె ఇవ్వండి, అంకె ఇవ్వండి’ అంటూ తెర జలపాతంలా పారుతుంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాం. ఇక్కడ చెవిటివాడే శంఖం ఊదుతున్నాడు.

‘ఆ నల్లతెరల కాలం పోయింది, ఇప్పుడన్నీ ఫారాలూ యాపులే. ఏమన్నా తేడా వస్తే కృత్రిమ మేధ ఉంది’ అనేవాళ్లు మూడో రకం. ఆ ఫారాలు రాసేది 10, 20 ఇచ్చి పాసైన ఆ విద్యార్థులే కదా! పేరుకి రెండు ముక్కలు ఉండి తీరాలని పట్టుబట్టే పద్ధతి మనవాళ్లను ఎక్కడిదాకా తీసుకెళ్లిందో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లనడగండి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే, వీసా మీద రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. పీటల మీద కూర్చుని బియ్యంలో రాయించి పెట్టిన పేరు అలా తెలియకుండా పోతుంది. గెట్స్ ఏది చెప్పినా నమ్మింది, ఈ ఫారం ఏది చెప్పినా నమ్మదు. రెండూ చెవిటి మేళాలే. కృత్రిమ మేధ సంగతంటారా, ‘ఉగాదికి నలభై నిండుతాయి’ అంటే దానికి అర్థమవుతుంది, సంతోషం. కానీ అర్థమైనదాన్ని 39 అని రాయాలా 40 అని రాయాలా, పొరపాటున 400 అని వస్తే ఆపాలా వద్దా అన్నది తేల్చే వరుస ఎవరో ఒకరు ప్రోగ్రాంలో రాయాల్సిందే. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే ప్రోగ్రాం ముందు ఎంత తెలివైనదాన్ని నిలబెట్టినా, కట్టేది ఎద్దునే.

కాబట్టి మాస్టార్లకు ఒక విన్నపం: కూడిక ప్రోగ్రాంకి మార్కులు వేసేముందు 10, 20 చూడకండి. ఒకసారి ‘పది’ అని, ఒకసారి 1,00,000 అని, ఒకసారి ఏమీ కొట్టకుండా ఉత్త ఎంటర్ నొక్కి చూడండి. తల్లిదండ్రులూ, మీ పిల్లలు రాసిన ప్రోగ్రాం వయసెంత అని అడిగితే మొహమాటపడకుండా ‘నీకెందుకు’ అని కొట్టండి. అది కూలిపోతే పాఠం ఇంకా మిగిలి ఉంది. మీకు రెండు వేల ఏళ్లని ఆనందంగా ప్రకటిస్తే మరీ మిగిలి ఉంది. ‘అర్థం కాలేదండీ, వయసు అంకెల్లో చెబుతారా?’ అని మర్యాదగా మళ్లీ అడిగితే మాత్రం, కూడిక తప్పినా సరే, పాస్ చేసెయ్యండి. కూడిక దిద్దడం నిమిషం పని.