సందిగ్ధసంజీవని: నాలుగవ ఫారము ప్రకటనకొక వ్యాఖ్య

అవతారిక. కాళిదాసుని మూడు కావ్యములకును టీక వ్రాసిన కోలాచలము మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు మొదటనే ఒట్టు పెట్టుకొని కలము పట్టినాడు. ఆ ఒట్టులో మొదటి సగమును నేనును నిలుపుకొనగలను గాని రెండవ సగమునకు పూచీపడజాలను. ఏలయన నేను వ్యాఖ్యానింపబూనిన మూలము పదియంటే పది పదములు గల ఒక ప్రకటన. అందు అక్కఱలేనిది తీసివేసినచో వ్యాఖ్యకు మిగులునది తేదీ మాత్రమే. కడపకును కమలాపురమునకును నడుమనున్న వల్లూరి ప్రాంతమున, పేరు చెప్ప నవసరము లేని ఒక ఉన్నత పాఠశాలలో, 1950వ దశకము చివరి సంవత్సరములలో ఒక జూను నెలనాడు, బంట్రోతు మైదాపిండితో గోడకు అంటించిపోయిన కాగితమది. క్రింద ప్రధానోపాధ్యాయులవారి పొట్టి సంతకమున్నను, శైలినిబట్టి చూడగా కర్త గుమాస్తాయేయని నా నిశ్చయము.

మూలము. “నాలుగవ ఫారము విద్యార్థులు తమకిష్టమైన ఐచ్ఛిక విషయమును తల్లిదండ్రుల సంతకముతో రేపటిలోగా తెలుపవలెను.”

ప్రతిపదార్థము. నాలుగవ ఫారము = నేటి లెక్కకు తొమ్మిదవ తరగతియందలి; విద్యార్థులు = విద్యను అర్థించువారు (ఆనాడు అర్థించినది సెలవును మాత్రమే యని వేఱొక టీక); తమకు = ఎవరికో, ముందు చెప్పబడును; ఇష్టమైన = అయ్యవారు ఉన్నట్టియు, గది ఖాళీగా నున్నట్టియు; ఐచ్ఛిక = కోరి తీసికొనదగిన; విషయమును = చదువవలసిన దానిని; తల్లిదండ్రుల = తల్లియొక్కయు తండ్రియొక్కయు; సంతకముతో = చేవ్రాలితో, అది లేనిచో వేలిముద్రతో; రేపటిలోగా = ఆలోచించుటకు తగినంత వ్యవధి లేకుండ; తెలుపవలెను = తెలిపి తీరవలెను.

ఇందు ‘తల్లిదండ్రుల’ అనునది ద్వంద్వ సమాసము. ఉభయపదార్థ ప్రధానమగు ఈ సమాసమున తల్లి ముందు నిలిచినది. కాగితముమీద సంతకమునకు గీసిన గీత మాత్రము ఒక్కటే. ఆ గీతపై మా నాయన చేవ్రాలు చేసినాడు. మా అమ్మకు వ్రాత రాదు. ఆమెను ఎవరైన నడిగినచో ఏమి చెప్పియుండెడిదో నాకు నేటికిని తెలియదు, ఆమె మాత్రము ఆనాడు దీపపు చిమ్నీ తుడుచుచు, నా మొగము ఒకసారియు, కాగితము ఒకసారియు చూచినది.

అన్వయము. పూర్వులు అన్వయము దండాన్వయమనియు ఖండాన్వయమనియు రెండు తెఱగులుగా చెప్పిరి. దండాన్వయమునకు మా పాఠశాలలో వేఱొక అర్థము కూడ వ్యవహారమున నుండెడిది. అది బల్లమీద, చాక్పీసుల పెట్టె ప్రక్కన, రెండు మూరల పొడవున పడియుండెడిది. దానిని అట్లుంచి, ‘తమకు’ అను పదము వాక్యములో ఎవరిని పట్టుకొనుచున్నదో విచారింతము. విద్యార్థులు అను పదమునకు అది ప్రక్కనే యున్నది గనుక విద్యార్థులకే ఇష్టమైనదని బాలవ్యాకరణము చదివిన బాలురందఱును భ్రమింతురు. అది దోషము. ఇచ్చట దూరాన్వయమే కవిహృదయము. ‘తమకు’ అనునది విద్యార్థులను దాటి, ఐచ్ఛికమును దాటి, విషయమును దాటి, పోయి పోయి తల్లిదండ్రుల యొద్ద కూర్చుండును. మఱికొందఱు వ్యాఖ్యాతలు అక్కడను అది నిలువదనియు, గోడ దాటి ప్రధానోపాధ్యాయుల గదిలోని కాలపట్టికను చేరుననియు వాదింతురు. రెండవ పక్షమే నాకు సమంజసముగా తోచుచున్నది. లెక్కల అయ్యవారు ఇద్దఱుండి, చిత్రలేఖనమునకు ఒక్కరును లేని బడిలో, ఇష్టము ఎటు ప్రవహించునో వేఱుగ చెప్పనేల?

ఇక ‘ఐచ్ఛిక’ శబ్దము. ఇచ్ఛా శబ్దముపై తద్ధిత ప్రత్యయము చేరగా ఆద్యచ్చునకు వృద్ధి కలిగి ఇకారము ఐకారమైనది. ఈ వ్యుత్పత్తియందు గమనింపదగిన దేమనగా, కోరిక కాస్త విశేషణముగా మాఱి కాగితమునకెక్కిన వెంటనే వృద్ధి పొందినది గాని, కోరినవాడు ఉన్నచోటనే ఉన్నాడు. స్వేచ్ఛకు ఈ సీమలో నిదర్శనములు లేకపోలేదు. వల్లూరిపట్టణము పదుమూడవ శతాబ్దమున కాయస్థ ప్రభువులకు రాజధాని; ఆ వంశమున అంబదేవుడు కాకతీయ రుద్రమదేవికి లోబడియుండుట తన కిష్టము కాలేదని కత్తి దూసి స్వతంత్రుడైనాడు. అది నిక్కమైన ఐచ్ఛికము. అయితే ఆయనను ఎవరును తండ్రి సంతకము తెమ్మని యడిగియుండరు.

మఱి ‘ఇష్టమైన’ అనుచోట ముఖ్యార్థము పొసగకున్నది గదా యన్నచో, లక్షణను ఆశ్రయింపవలెను. పెన్నలో పుష్పగిరి యున్నదని మా యూరివారు చెప్పునపుడు గుడులు నీటిలో తేలుచున్నవని ఎవరును అనుకొనరు. ఏటి యొడ్డున నున్నవని గ్రహింతురు. అట్లే ‘ఇష్టమైన’ యన్నపుడు ఇష్టమునకు ఒడ్డున నున్నదని గ్రహింపవలెను. కొందఱి విషయమున అది ఆవలి యొడ్డు.

శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని శాస్త్రము. వాక్యార్థము సిద్ధించుటకు చెప్పిన ఈ మూడును, విచిత్రముగా, ఐచ్ఛికము సిద్ధించుటకును సరిగా అతుకుచున్నవి. మొదటిదైన ఆకాంక్ష పిల్లవానిది గాదు, తండ్రిది. కొడుకు ఇంజనీరు కావలెనని ఆయనకు ఆకాంక్ష. ఎందులకనగా కర్నూలు-కడప కాలువపై జీపులో పోవు ఇంజనీరును ఆయన ఒకనాడు చూచినాడు. “ఇంజినీరు కావల్లంటే కాంపోజిట్ లెక్కలు తీసుకోవల్లంట, సారు చెప్పినాడు,” అని ఒక్కమాటతో బీజగణితము, రేఖాగణితము ఇంటిలోనికి వచ్చినవి. రెండవదగు యోగ్యత మూడవ ఫారము మార్కులలో నున్నది. అవి చాలనివారికి జనరల్ లెక్కలు. ఆడపిల్లలు, మార్కులు ఎన్ని వచ్చినను, జనరల్ లెక్కలకే యోగ్యులని ఒక నిర్ణయము అప్పటి బడులలో వ్రాయని సూత్రమువలె చెల్లుచుండెను. ఈ సూత్రమునకు ఏ మహర్షియు భాష్యము వ్రాసినట్లు కానరాదు, అయినను దానిని ప్రశ్నించినవారును తక్కువ. మూడవది సన్నిధి. ఇది మూడింటిలోను బలవత్తరము. కోరిన విషయము పొద్దుటూరులో నున్నది, పొద్దుటూరునకు బస్సు తెల్లవాఱకముందు పోవును, కనుక కోరిన విషయము కోరినది కాదు. అంతకంటె సన్నిహితమైన సన్నిధి మఱొకటి గలదు. బెంచిమీద కుడిప్రక్కన కూర్చున్నవాడు. వానినిగూర్చి తుదిని చెప్పెదను.

పొద్దుటూరు తలపునకు వచ్చినది గనుక ఒక్కమాట. అక్కడ తెలుగు చెప్పిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు చిన్ననాడు వ్రాసిన ‘పెనుగొండలక్ష్మి’ కావ్యము, తరువాత వారు విద్వాన్ పరీక్షకు కూర్చున్నపుడు వారికే పాఠ్యగ్రంథమై ఎదుట నిలిచినది. తాను వ్రాసినదానినే తాను చదివి పరీక్ష వ్రాయవలసినవానికి లేని ఇష్టానిష్టములు నాలుగవ ఫారమువానికి కావలెననుట దురాశ.

పాఠాంతరములు. ఈ మూలము గుమాస్తా స్వకపోలకల్పితము కాదు. దీనికి మాతృక పైనుండి వచ్చినది. డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతను 1952లో ఏర్పడిన మాధ్యమిక విద్యాసంఘము మఱుసటి యేట నివేదిక సమర్పించుచు, పిల్లలందఱిని ఒకేత్రాటితో కట్టరాదనియు, ఉన్నత పాఠశాలలో రెండవ యేటినుండి మానవశాస్త్రములు, విజ్ఞానము, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు త్రోవలుగా చదువు చీలవలెననియు చెప్పినది. అట్టి బడులకు బహుళార్థసాధక పాఠశాలలని పేరు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడిన కాలమది; ఆనకట్టలు బహుళార్థసాధకములు, బడులును బహుళార్థసాధకములు. అర్థ శబ్దమునకు ప్రయోజనము, ధనము, అభిప్రాయము అని మూడర్థములు గలవు గనుక ఈ పేరు శ్లేషకు అనువైనది; మొదటి యర్థము నివేదికలోను, రెండవది లోపముగాను, మూడవది సభలలోను కనబడెను. ఏడు త్రోవలలో పల్లెబడికి చేరినవి ఒకటి రెండు. వ్యవసాయము తీసికొందునన్న రేగడి రైతు కొడుకుతో వాని నాయన పలికిన పలుకు మా తరగతిలో చాలకాలము నడిచినది: “సేద్యం నేర్చుకునేకి బడికి పోవల్లనా? రేపట్నుంచి నా యెంబడి రా, ఫీజు లేకుండా నేర్పిస్తా.” దీనికి ప్రతివాదము చెప్పగల విద్యాసంఘము ఇంకను పుట్టలేదు.

1964-66 నాటి కొఠారీ సంఘము ఈ పాఠమును దిద్ది, పదవ తరగతి వఱకు అందఱికిని ఒకే చదువుండవలెననియు, చీలిక ఆ పిమ్మటనే యనియు తీర్పు చెప్పినది. అంతట ఐచ్ఛికము నాలుగవ ఫారమునుండి లేచిపోయి ఇంటర్మీడియటు వాకిట నిలిచి, ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అను బీజాక్షరములను ధరించినది. అడుగున మిగిలినది కాంపోజిట్ తెలుగు. తెలుగులో కొంత సంస్కృతమును కలిపిన ఈ ఐచ్ఛికమును, అద్వైతపీఠము గల పుష్పగిరికి దాపుననున్న పిల్లలు సైతము ఎన్నుకొనిన కారణము, ధాతువులయందలి అనురాగము కాదు. మార్కులు దండిగా వచ్చునని. 2020 నాటి జాతీయ విద్యావిధానము మరల తొమ్మిదినుండి పండ్రెండు తరగతులవఱకు విద్యార్థికి ఎన్నిక విరివిగా నుండవలెనన్నది. అనగా గోడమీది కాగితము మరల అంటింపబడనున్నది. మైదాపిండి మాత్రము మాఱవచ్చును.

తాత్పర్యము. ఓ పిల్లలారా, మీలో పదునాలుగేండ్లు నిండినవారును నిండనివారును, బడిలో దొరకుదానిని, ఇంటిలో అనుకొన్నదానిని, మీరు కోరినట్లుగా వ్రాసి, కోరినది ఇంటివారేయని వారిచేత వ్రాలుచేయించి, సూర్యాస్తమయమునకు ముందు తెచ్చి యిండు. లేనిచో ‘ఇష్టము లేదు’ అని వ్రాసికొందుము. ఇందు అలంకారము అపహ్నుతి. ఉన్నదానిని కాదని వేఱొకటిగా చెప్పుట.

శేషము. బెంచిమీది వాని మాట యింకను చెప్పలేదు. ఆ దినమున మా నాయన చేవ్రాలు తెచ్చుకొన్నానే గాని విషయము పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా నుండెను. కాంపోజిట్ లెక్కలు వ్రాయుమని ఆయన చెప్పినను, చరిత్ర వ్రాయవలెనని నా మనస్సు. కలము పట్టుకొని ప్రక్కకు చూచితిని. నా మిత్రుడు కాంపోజిట్ లెక్కలని వ్రాసియుండెను. వానిని విడిచి వేఱొక గదిలో కూర్చుండుట నాకు దుర్భరముగా తోచినది. నేనును అదే వ్రాసితిని. బీజగణితముతో ఆ తరువాత నేను పడిన పాట్లు ఈ వ్యాఖ్యకు విషయము కావు.

చాలయేండ్లకు జమ్మలమడుగు దారిలో నాపరాళ్ల డిపోయొద్ద వానిని చూచితిని. తలపై దుమ్ము, చేతిలో టేపు. ఒక బండ కొలుచుచున్నాడు. కుశలములు ముగిసిన పిమ్మట, ఆనాడు వాడు లెక్కలు వ్రాయుటచేత నా బ్రతుకెట్లు దారి తప్పినదో నవ్వుచు చెప్పితిని. వాడు టేపు చుట్టి, నన్ను ఎగాదిగా చూచినాడు.

“నేనెక్కడ రాస్తినప్పా లెక్కలు? నువ్వు దానికే పోతాండావని మీ నాయన మా నాయనకు ముందురోజే చెప్పినాడు. నిన్ను యిడిసి ఒంటిగా యాడ కూచుందునని, నేనూ అదే రాస్తి.”

తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయ దోషమందురు. మేమిద్దఱమును బండమీద కూర్చుండి టీ తెప్పించుకొంటిమి.