కవరు

1987. అమెరికాలోని మిల్వాకీ నగరం. ఇంట్లో మగవాడు చెయ్యి చేసుకున్నాడని ఫోన్ వస్తే పోలీసులు వెళ్లేవారు. గాయాలు తీవ్రంగా ఉంటే ఆలోచించేదేమీ లేదు, అతన్ని పట్టుకుపోయేవారు. చిన్నపాటి కేసైతే మాత్రం అక్కడే ఆగి హెడ్‌క్వార్టర్స్‌ను అడిగేవారు. అక్కడి ఉద్యోగి వరసలో ఉన్న కవరు ఒకటి చించి, లోపలున్నది చదివేవాడు. అరెస్టు, లేదా హెచ్చరిక.

అరెస్టని వస్తే స్టేషనుకు తీసుకెళ్లాలి. కొందరిని సుమారు మూడు గంటల్లోనే వదిలేశారు, కొందరిని రాత్రంతా ఉంచారు. హెచ్చరికని వస్తే, రాసిచ్చిన నాలుగు మాటలు అతనికి చదివి వినిపించి, మళ్లీ రావలసి వస్తే జైలేనని చెప్పి వెళ్లిపోవాలి. ప్రతి మూడు కవర్లలో రెండు అరెస్టువి.

ఆ కవరు అంటించిన రోజున అది ఏ ఇంటికి వెళ్తుందో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో ఆమె ఏం కోరుతుందో, తెల్లారి ఏ పనికి వెళ్లాలో అందులో రాసి ఉండదు.

ఇది లారెన్స్ షెర్మన్ అనే నేరశాస్త్రవేత్త నడిపిన ప్రయోగం. అంతకుముందు మినియాపొలిస్‌లోనూ ఆయన ఇలాగే లాటరీ వేసి చూశాడు. అరెస్టయినవాళ్లు మళ్లీ చెయ్యెత్తడం తక్కువని తేలింది. 1984లో ఆ ఫలితం బయటికొచ్చింది. మొగుడూ పెళ్లాల తగవులో మనమెందుకని పోలీసులు గుమ్మంలోంచే వెనుదిరిగిన రోజులవి. వాళ్లు అలా వెళ్లగానే ఎందరు ఆడవాళ్లు మళ్లీ దెబ్బలు తిన్నారో! వాళ్లను కాపాడాలని ఆరాటపడ్డవారికి ఆ ఫలితం ఆయుధమైంది. కొట్టినట్టు ఆధారం కనిపిస్తే అరెస్టు చేసి తీరాలి, ఆమె వద్దన్నా సరే. రాష్ట్రం తర్వాత రాష్ట్రం ఇలా చట్టాలు చేసింది. మిల్వాకీ ఉన్న విస్కాన్సిన్‌లో ఆ చట్టం 1989లో అమల్లోకి వచ్చింది.

మిల్వాకీ లెక్కలు ఆ తర్వాత వెలువడ్డాయి. ఉద్యోగం లేని మగవాళ్లు అరెస్టు తర్వాత తగ్గలేదు, ఇంకా రెచ్చిపోయారు. చట్టం మాత్రం అలాగే ఉంది.

పాతికేళ్లు గడిచాయి. షెర్మన్, హెదర్ హారిస్ అనే పరిశోధకురాలు కలిసి పాత జాబితా బయటికి తీశారు. నిందితుల జాబితా కాదు, బాధితులది. పదకొండు వందల పైచిలుకు పేర్లు. ఒక్కో పేరునూ మరణాల రికార్డుల్లో వెతికారు. 91 మంది చనిపోయి ఉన్నారు.

హత్యకు గురైనవారు ముగ్గురే. మిగిలినవారిలో ఎక్కువమందిని తీసుకెళ్లింది గుండెజబ్బు, ఇతర రోగాలు.

అప్పుడు ఒక్కో పేరు పక్కన ఆనాటి కవరు పెట్టి చూశారు. అరెస్టు వచ్చిన ఇళ్ల బాధితుల్లో మరణాల రేటు, హెచ్చరిక వచ్చిన ఇళ్లకంటే 64 శాతం ఎక్కువ.

ఆ జాబితాలో ఉద్యోగం చేసుకుంటూ తన కాళ్ల మీద తాను నిలబడ్డ నల్లజాతి బాధితులు 192 మంది. కవరులో అరెస్టని వచ్చినవారిలో 11 శాతం మంది చనిపోయారు. హెచ్చరికని వచ్చినవారిలో ఒక్కరూ చనిపోలేదు.