బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి ఒక అంబాసిడర్ యజమాని విన్నపం

గౌరవనీయులైన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి,

తమరి అసలు హోదా మోటారు వాహనాల తనిఖీ అధికారి అని తెలుసు. అయినా మా కామవరపుకోట వైపు మెట్ట ఊళ్ళలో తాతల నాటినుంచీ తమరు బ్రేక్ ఇన్‌స్పెక్టరే. బండి ఆగుతుందో లేదో చూసే పెద్దమనిషని జనం పెట్టుకున్న పేరు. నా గొడవ ఆగడం గురించి కాదండి. నా బండి బాగానే ఆగుతుంది. ఒక్కోసారి నేను అడక్కుండానే ఆగుతుంది. నేను రాస్తున్నది అది నిలబడే తీరు గురించి.

నాది 2009 నాటి డీజిల్ అంబాసిడర్, పసుపు బోర్డు. 2022 ఏప్రిల్‌లో మేం ఏలూరు జిల్లా వాళ్ళమైపోయాం గానీ, నంబరు ప్లేటు మీది ఏపీ 37 మాత్రం ఇంకా పాత పశ్చిమ గోదావరిలోనే ఉంది. ఎనిమిదేళ్ళు దాటిన టాక్సీకి ఏటా ఎఫ్.సి. (యోగ్యతా పత్రం) చేయించాలి కాబట్టి ప్రతి వేసవీ మనకి ముఖాముఖి తప్పడం లేదు. ఉత్తరపార ఫ్యాక్టరీ 2014 మే నెలలో ఈ బండ్ల తయారీ ఆపేసింది. తయారుచేసినవాళ్ళే చేతులెత్తేసిన బండికి యోగ్యతా పత్రం కావాలని ఏటేటా వస్తున్నాననే కాబోలు, తమరు నన్ను చూసి నిట్టూరుస్తారు.

తనిఖీ సన్నాహాల్లో నా వైపు లోపం ఉండదు. వైపర్ రబ్బర్లు, హారన్, ముందు తెల్లది వెనక ఎర్రది మెరుపు స్టిక్కర్లు, అన్నీ వారం ముందే సిద్ధం. ప్రథమ చికిత్స పెట్టెలో దూది కిందటి కార్తీకంలో మా ఆవిడ వత్తులు చేసేసింది, కొత్తది కొన్నాను. ఇవి ఏ బండికైనా ఉండే తిప్పలే. నా తిప్పలు బండి కింద ఉన్నాయి.

పోయినేడు ఒక తనిఖీ కేంద్రంలో ఓ కుర్రాడు టార్చిలైటు పట్టుకుని నా బండి కిందకి దూరాడు. దూరినవాడు ఎంతకీ రాడు. చివరికి లోపలినుంచే కేకేశాడు: "సార్! దీనికి ముందు స్ప్రింగులు పీకేశారు!"

పీకలేదు నాయనా, పుట్టుకతోనే లేవు. ఈ కాలం కార్లకి ముందు చక్రాల దగ్గర చుట్టలు చుట్టిన స్ప్రింగు ఉంటుంది. అంబాసిడర్‌ది పాత సంప్రదాయం, బ్రిటన్‌లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన వారసత్వం. ముందు చక్రాలకి చెరొక ఉక్కు కడ్డీ ఉంటుంది. కడ్డీ ఒక కొస చక్రాన్ని మోసే చేతికి, రెండో కొస వెనక్కి వెళ్ళి బండి అడుగున అడ్డకమ్మీకి. చక్రం గతుకెక్కి పైకి లేస్తే ఆ కడ్డీ తడి తువ్వాలు పిండినట్టు మెలి తిరుగుతుంది. గతుకు దాటగానే తనంతట తనే విప్పుకుంటుంది. పుస్తకాల్లో టార్షన్ బార్ అంటారు. మా మేస్త్రి మెలిరాడ్డు అంటాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి వెయ్యకూడదు. ఒక వైపు మెలికకి అలవాటుపడ్డ ఉక్కు రెండో వైపు తిరగమంటే అలుగుతుందట. అందుకే రెండింటి మీదా తెల్ల పెయింటుతో గుర్తు పెట్టి ఉంచాడు.

ఇప్పుడు అసలు సంగతి. నా బరువు 92 కిలోలు. నేను కూర్చునేది కుడివైపు. ఇన్నేళ్ళూ కిరాయి ఉన్నా లేకపోయినా ఆ మూల మీద నేనున్నాను. పోయినేడు ఎఫ్.సి.కి ముందు మేస్త్రి టేపు తెచ్చి, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా కొలిచాడు. ఎడమకన్నా కుడి ముప్పాతిక అంగుళం తక్కువ. "ఆయ్, ఇది బండి జబ్బు కాదండి, మీ భోజనం" అన్నాడు. బండిని జాకీ మీద లేపి, ఆ కడ్డీ కొస పళ్ళలోంచి ఊడదీసి, ఒక పన్ను జరిపి మళ్ళీ కూర్చోబెట్టాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి మళ్ళీ కొలిచాడు. నీళ్ళమట్టం పెట్టినట్టు సమానం. హెడ్‌లైట్లు కూడా నేను కూర్చునుండగానే గోడ మీద గీత గీసి సరిచేశాడు. ఇంతకన్నా ఏం చెయ్యాలండి?

తీరా తనిఖీ కేంద్రానికెళ్తే, బండి లోపలికి నడిపేది నేను కాదట, సిబ్బందట. ఎక్కిన కుర్రాడు బియ్యం బస్తాలో సగం బరువుండడు. నా మూల తేలిపోయింది. కుడి లైటు ఎదురొచ్చేవాడి కళ్ళు వదిలేసి కొబ్బరిచెట్టు మొవ్వులు చూడటం మొదలెట్టింది. హెడ్‌లైట్ ఫెయిల్! ఆ నెలలో నేను బల్బు మూడుసార్లు మార్చాను. తప్పు బల్బుది కాదు, సీటు కింది కడ్డీదీ కాదు, ఆ కుర్రాడికి తిండి సరిగ్గా పెట్టని హాస్టలుది.

వెనకది ఇంకో కథ. అక్కడ ఉక్కు పట్టీలు పేర్చిన కమాన్ కట్టలు. పట్టీలు చదునైపోతే విప్పించి, వంపు పెట్టించి, గ్రీజు పూసి బిగిస్తాం. కొత్త వంపుతో ఖాళీ బండి సంక్రాంతి బరిలో పందెం కోడిలా తోకెత్తుకుని నిలబడుతుంది. తమరి తనిఖీ మాత్రం ఖాళీ బండికే. ఈ మధ్య యంత్రాలు కూడా వచ్చాయి, చక్రాలని పలక మీద పెట్టి గడగడా ఊపి, టైరు పలకని ఎంత గట్టిగా అంటిపెట్టుకుందో లెక్క చెబుతాయి. మంచిదే. కానీ నా బండి ఖాళీగా ఎప్పుడు తిరిగిందండి? ద్వారకా తిరుమల పెళ్ళికి పెళ్ళికూతురు తరఫు ఆరుగురు, వాళ్ళ కావిళ్ళు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్ళొస్తే వచ్చేటప్పుడు డిక్కీలో చేపలు, ఆ చేపలకి ఐసు. (ఆరుగురని రాసింది చదివారుగా, దాన్ని చదవనట్టే వదిలెయ్యండి.)

పైగా మాకు నేలలు రెండు. గుంటుపల్లి గుహల వైపు ఎర్రనేల. కంకర రోడ్డు దువ్వెన పళ్ళలా చారలు కడుతుంది, మెలిరాడ్డు నిమిషానికి వందసార్లు వణుకుతుంది. కొల్లేరు వైపు నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, దానిమీది తారురోడ్డు అలల్లా తయారవుతుంది. అక్కడ బండి వణకదు, పడవలా ఊగుతుంది. ఆ ఊపుకి కమాన్లు పెట్టే కిర్రుకిర్రు వింటే చాలు, ఏ పట్టీకి గ్రీజు ఎండిందో మేస్త్రి చెప్పేస్తాడు. రోడ్డుకి ఎఫ్.సి. ఎవరిస్తారని నేను అడగనండి. ఆ ప్రశ్న కార్టూనిస్టులది, వాళ్ళ పొట్ట నేను కొట్టను.

ఈ ఎత్తుల గొడవ లేని బండీ ఒకటుందండి. ఫ్రాన్సులో 1955లో సిట్రోయెన్ డి.ఎస్. అనే కారు వచ్చింది. దానికి కమానూ లేదు, కడ్డీ లేదు. నూనె, గుండ్రటి గోళాల్లో నైట్రోజన్, అంతే. ఇంజను ఆపి వదిలేస్తే నేలకి కూలబడుతుంది, స్టార్టు చేస్తే లేచి నిలబడుతుంది. ఎంతమంది ఎక్కినా ఎత్తు మారదు. 1962లో ఆ దేశాధ్యక్షుడు డిగాల్ మీద కాల్పులు జరిగినప్పుడు టైర్లకి చిల్లులు పడ్డా ఆ కారే ఆయన్ని బయటపడేసింది. దాని యజమానులు తనిఖీకి ముందు గోళాల్లో గ్యాసు నింపించుకుంటారట. నాకు ఆ గోళాలు అక్కర్లేదండి. ఆ బండి చేసే పని మా మేస్త్రి ఒక జాకీ, ఒక టేపు, ఒక పన్నుతో చేస్తున్నాడు. కాకపోతే ఎవరు కూర్చుంటారో ముందే తెలియాలి.

వచ్చే బుధవారం పొద్దున నా స్లాటు. ఈసారి ఆ కుర్రాడిని పంపకండి, తమరే ఎక్కి నడపండి. తమరి బరువెంతో మంగళవారం సాయంత్రంలోగా కబురు చేస్తే, ఆ కడ్డీని ఒక పన్ను అటో ఇటో జరిపి ఉంచుతానని మేస్త్రి చెప్పమన్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
92 కిలోల అంబాసిడర్ యజమాని,
కామవరపుకోట