శిఖంలో దిగిన ఆర్కిటిక్ పిట్ట

ఒడ్డూపొడుగులో పిచ్చుకంత ఉంటాను. బరువు పాతిక గ్రాములు. నల్లటి కాళ్లు, నల్లటి సూటి ముక్కు, వీపు బూడిద రంగు, పొట్ట తెలుపు. ఉల్లంకి జాతి పిట్టల్లో బాగా చిన్నవాటిలో నేనూ ఒకదాన్ని. పక్షుల పుస్తకాల్లో నా పేరు లిటిల్ స్టింట్. బీదర్ జిల్లా భాల్కి తాలూకాలో కారంజా నదికి కట్టిన జలాశయం ఉంది. వానలు వెనకబట్టి, నీళ్లు తగ్గి, శిఖం, అంటే నీటి అడుగున ఉండే నేల, బయటపడేచోట చలికాలమంతా నాలాంటివి గుంపులుగా మేస్తుంటాయి. నేను పుట్టింది మాత్రం సైబీరియా ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున, చెట్టన్నది మొలవని టండ్రా నేల మీద. ఇక్కడికీ అక్కడికీ ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. ఆర్కిటిక్ జీవజాలమంటే ధ్రువపు ఎలుగు, వాల్రస్, మంచు గుడ్లగూబ గుర్తొస్తాయి. వాటి మంచీచెడ్డా ఆ మంచులోనే తేలుతాయని చాలామంది అనుకుంటారు. ఆ సీమను అధ్యయనం చేయడానికి మన దేశం 2008లో స్వాల్‌బార్డ్ దీవుల్లో హిమాద్రి అనే కేంద్రం తెరిచింది. అది కావలసిన పనే. కానీ ఆర్కిటిక్ తీరాన వేసవిలో కనిపించే ప్రాణుల్లో రెక్కలున్నవే ఎక్కువ, అవి ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ ఉండవు. మా బతుకులో సగానికి పైగా బీదర్‌లాంటి చోట, చెరువంచు బురదలోనే తేలిపోతుంది. నా కథ చెప్పుకోవడం ఈ ఒక్క మాట నిరూపించడానికే.

ముందు నెలలు లెక్కపెట్టండి. మంచు కరిగే వేళకు, జూన్ మొదటి రోజుల్లో, టండ్రాలో దిగుతాం. నేల మీద చిన్న గుంట చేసి, నేలబారు విల్లో మొక్కల ఆకులు పరిచి నాలుగు గుడ్లు పెడతాం. మాలో ఆడపక్షి చాలాసార్లు వెంటవెంటనే రెండు గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఒక గూడు మగదానికి అప్పగించి, రెండోదాని మీద తాను పొదుగుతుంది. వేసవి అంత చిన్నది, ఇద్దరూ ఒకే గూటిని చూసుకుంటూ కూర్చుంటే కుదరదు. పిల్లలు గుడ్డు నుంచి బయటపడిన కొన్ని గంటల్లోనే నడిచి, తమ తిండి తామే ఏరుకుంటాయి. తల్లిదండ్రులు పురుగు తెచ్చి నోట్లో పెట్టేదేమీ లేదు. జూలైలోనే పెద్దవి దక్షిణానికి బయల్దేరతాయి. పిల్లలు రెక్కలు గట్టిపడ్డాక, దారి చూపే పెద్దదిక్కు లేకుండానే ఎగురుతాయి. ఆగస్టు చివర్నుంచి దక్కనులో దిగడం మొదలు. ఏప్రిల్ దాటేదాకా ఇక్కడే. టండ్రాలో రెండు నెలలు, దారిలో కొన్ని వారాలు, మిగతాదంతా ఈ బురదలోనే.

ఆ రెండు నెలలూ మా చేతిలో లేనివి. టండ్రాలో లెమ్మింగులని ఎలుక జాతి ఉంది. మూడు నాలుగేళ్లకోసారి అవి విపరీతంగా పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా తగ్గిపోతాయి. అవి పుష్కలంగా ఉన్న ఏడాది ఆర్కిటిక్ నక్కకు కడుపు నిండుతుంది, మా గూళ్ల జోలికి పెద్దగా రాదు. ఎలుకలు తగ్గిన ఏడాది నక్క మా గుడ్ల మీద పడుతుంది, ఆ యేడు పిల్లల పంట పోతుంది. తైమీర్ ద్వీపకల్పంలో బ్రెంట్ బాతులు మంచు గుడ్లగూబ గూటి చుట్టూ గూళ్లు కట్టుకోవడం మరో చిత్రం. గుడ్లగూబ తన పిల్లల కోసం నక్కను తరిమితే, ఆ కాపలా వాటికీ దక్కుతుంది. మాకు అలాంటి కాపలా లేదు. పిల్లలు దక్కని ఏడాదిని ఓర్చుకోవాలంటే పెద్దవి బతికి మరుసటి వేసవికి తిరిగి చేరాలి, మరో దారి లేదు. ఆ బతకడం సంగతి తేలేది చలికాలంలో. చెడ్డ వేసవి నష్టాన్ని పూడ్చేది మంచి చలికాలమే.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం లేవదీయవచ్చు, అది బలమైనదే. 2001లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన కెనడా, గ్రీన్‌లాండ్‌లలోని పది ఉల్లంకి జాతులను పరిశీలించింది. అవి గుడ్లు తయారుచేసుకునేది దక్షిణం నుంచి మోసుకెళ్లిన కొవ్వుతో కాదని, టండ్రాలో దిగాక తిన్న తిండితోనని తేల్చింది. మరి గుడ్డులో బీదర్ వాటా ఏముందని అడగవచ్చు. గుడ్డులో లేకపోవచ్చు, దాన్ని పెట్టే పక్షి రెక్కలో ఉంది. వేసవి తర్వాత అరిగిపోయిన రెక్కల ఈకలను మేము రాల్చి కొత్తవి తొడుక్కునేది చలికాలపు చోట్లలోనే. ఏ రెక్కలతో ఉత్తరానికి ఎగురుతామో అవి ఇక్కడి పురుగులు తిని మొలిపించుకున్నవి. ఆలస్యంగా చేరినా, నీరసించి చేరినా టండ్రా మమ్మల్ని మన్నించదు. ఈ ముడి రెండో వైపు నుంచీ కనిపిస్తుంది. తైమీర్‌లో గూళ్లు కట్టే రెడ్ నాట్ పక్షుల మీద 2016లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మంచు ముందుగా కరిగిన ఏళ్లలో పిల్లలు చిన్న ఒడ్డుతో, పొట్టి ముక్కుతో పెరుగుతున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో మారిటానియా తీరానికి చేరాక, ఇసుకలో లోతుగా ఉన్న గుల్లలు ఆ ముక్కుకు అందక చనిపోతున్నాయి. దెబ్బ తగిలింది ఉత్తరాన, ప్రాణం పోయింది దక్షిణాన. వాతావరణం వేడెక్కడాన్ని బీదర్ ఒక్కటీ ఆపలేదన్నది నిజం. కానీ అక్కడ బలహీనపడి వచ్చిన పక్షికి ఇక్కడ తిండి అందుతుందా లేదా అన్నది బీదర్ చేతిలో ఉన్న సంగతి.

తిండి అంటే ఏమిటో దగ్గరగా చూడాలి. నా ముక్కు రెండు సెంటీమీటర్ల లోపే, కాళ్లూ పొట్టివే. కాబట్టి నాకు పనికొచ్చేది నీటికీ పొడి నేలకూ మధ్య మెరిసే సన్నటి తడి పట్టీ ఒక్కటే. అందులో దోమలను పోలిన, కుట్టని చిన్న ఈగల పిల్లపురుగులు, ఎర్రటి దారప్పోగుల్లాంటివి, బురద పైపొరలో ఉంటాయి. వాటిని కంటితో చూసి చకచకా పొడుచుకుంటూ నడుస్తాను. నీళ్లు మరో రెండు వేళ్లు తగ్గితే పట్టీ కిందికి జరుగుతుంది, నేనూ జరుగుతాను. ఎండి బీటలిచ్చిన నేల నాకు పనికిరాదు, లోతైన నీళ్లూ పనికిరావు. అందుకే జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నాయన్న లెక్క కంటే ఒడ్డు ఎంత వాలుగా ఉందన్న లెక్క నాకు ముఖ్యం. నూరు అడుగులకు ఒక అడుగు వాలున్న శిఖంలో అడుగు నీరు తగ్గితే నూరడుగుల కొత్త మేత నేల దొరుకుతుంది. నిటారుగా రాతి రివిట్‌మెంట్ చేసిన గట్టు దగ్గర అదే అడుగు తగ్గితే తడిసిన రాళ్లు తప్ప ఏమీ దొరకవు.

అయితే చెరువులున్నది పిట్టల కోసమా, రైతుల కోసమా అనేవాళ్లున్నారు. కరవు తెలిసిన జిల్లాలో ఇది న్యాయమైన ప్రశ్న. పూడిక తీయకపోతే చెరువు చచ్చిపోతుంది, ఆ పూడిక మట్టి పొలాలకు బలం. పొరుగున తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఈ రెండు పనులూ చేసింది, దాన్ని నేను తప్పుపట్టను. నిజానికి రైతుకూ నాకూ తగవే లేదు. తూము తెరిచి పైరుకు నీళ్లు వదిలినప్పుడల్లా నాకు కొత్త బురద తేలుతుంది. రబీ సాగు సాగినంతకాలం నా పళ్లెం నిండుతూ ఉంటుంది. తగవున్నది చెరువును గిన్నెలా తవ్వి, చుట్టూ నిలువు గోడ కట్టి, దాని మీద నడకదారి వేసే అలవాటుతో. మధ్యలో ఎంత లోతు తవ్వినా ఫరవాలేదు, నీటి నిల్వకు పనికొచ్చేది ఆ లోతే. ఎగువన, వాగు వచ్చి కలిసే వైపున, ఒక్క అంచును దాని సహజమైన వాలుకు వదిలేస్తే చాలు. దానివల్ల పోయే నీళ్లు కొద్దివే.

స్టింట్లు లక్షల్లో ఉన్నాయి కదా, ఇంత కంగారెందుకన్నది మిగిలిన అభ్యంతరం. ఉన్నాం, ప్రస్తుతానికి. మా బంధువు, చెంచా ముక్కు ఉల్లంకి, రష్యా చుకోత్కా తీరాన గూళ్లు కడుతుంది. ఇప్పుడది పూర్తిగా అంతరించే దశలో ఉంది. దాన్ని ఆ స్థితికి తెచ్చింది గూళ్ల దగ్గరి నక్కలు కావు. పసుపు సముద్రం చుట్టూ బురద మైదానాలను పూడ్చేశారు, మయన్మార్ తీరంలో చలికాలంలో వలలు పన్నారు. దక్షిణ కొరియా 2006లో సెమాంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ మూసేసరికి, దారిలో అక్కడ ఆగే గ్రేట్ నాట్ పక్షులు వేలకు వేలు కనిపించకుండా పోయాయి. 2024లో ఐయూసీఎన్ తన ఎర్ర జాబితాలో 16 వలస ఉల్లంకి, ప్లవర్ జాతులను మరింత ప్రమాదకరమైన వర్గాల్లోకి మార్చింది. వాటిలో కర్లూ శాండ్‌పైపర్, గ్రే ప్లవర్ భారతదేశపు తీరాలకూ వచ్చేవే. అవి కూడా ఒకప్పుడు లెక్కకు మిక్కిలిగా ఉన్నవే. ఎక్కువగా ఉన్నప్పుడు కాపాడటానికి ఖర్చు తక్కువ, సాధ్యమూ ఎక్కువ.

ప్రకృతిని చూడటానికి బీదర్ వచ్చేవాళ్లు పచ్చిక మైదానాల్లో కృష్ణజింకలను చూశాక ఒక పొద్దు శిఖం దగ్గర గడపాలి. సూర్యుణ్ణి వీపుకు పెట్టుకుని గట్టు మీద కూర్చుంటే చాలు, బురదలోకి దిగనక్కర్లేదు. కాళ్లు నల్లగా ఉంటే నేను, పసుపుగా ఉంటే నా దాయాది టెమ్మింక్స్ స్టింట్. మార్చి, ఏప్రిల్‌లలో చూస్తే మా వీపు మీద బూడిద ఈకల మధ్య ఇటుక రంగు అంచులు కనిపిస్తాయి. టండ్రాలో తొడుక్కునే వేషం మాకు ఇక్కడే మొదలవుతుంది. గుంపు ఎగిరితే ఫొటో బాగుంటుందని రాయి విసరకండి. బయల్దేరే ముందు కూడబెట్టుకున్న కొవ్వు అలాంటి ప్రతి ఎగురుడుకీ కరుగుతుంది. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది. ఆ రోజు కాకపోయినా, మీరు వచ్చిన రోజున ఏ అంచున ఎన్ని ఉల్లంకులు మేస్తున్నాయో లెక్క రాసి అటవీశాఖకు, ఆ ఊరి పంచాయతీకి ఇవ్వండి. చెరువు పనికి అంచనాలు వేసేటప్పుడు ఏ వైపు రాయి పరచాలో, ఏ వైపు వాలు వదలాలో ఇంజనీరు ముందు పెట్టడానికి అప్పుడు ఒక కాగితమంటూ ఉంటుంది.